బాధితుల అన్న

మొన్న పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి వస్తుంటే, ఎదురుగా స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కనిపించాడు. పైన శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, కింద ఆయన ముఖం, మెడలో గులాబీల దండ. ముఖం మీద నవ్వు ఉంది. అందుకే మొదట గుర్తుపట్టలేదు. నేనెరిగినన్నాళ్లలో ఆయన నవ్వగా చూడలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. ఫొటోలు దిద్దే పనిలోనే నా సగం జీవితం గడిచింది కాబట్టి నా కన్ను మోసపోదు. పెదవుల కొసలు రెండూ కంప్యూటర్లో పైకి లాగారు. కళ్లు మాత్రం పాతవే. ఎవరి మీదో ఫిర్యాదు చెప్పబోతున్న కళ్లు.

పోయాడని అలా తెలిసింది. బాధ కలగలేదు. చావు విషయంలో కూడా తనకేదో అన్యాయం జరిగిందని వాదించే పోయి ఉంటాడనిపించింది.

ఆయన పేరు రాయను. రాస్తే మిగిలిన అనుచరులెవరైనా మా ఇంటి ముందు షామియానా వేసి ధర్నాకు కూర్చుంటారు. అయినా పేరుతో పనేముంది? సాఫ్ట్‌వేర్ కోసం ఊళ్లకు ఊళ్లు అమీర్‌పేట మీద ఎగబడుతున్న ఆ రోజుల్లో అందరూ ఆయన్ని అన్న అనేవాళ్లు. ఆయన వినకుండా, బాధితుల అన్న అనేవాళ్లు.

మా భాయిజాన్‌కు అప్పట్లో అమీర్‌పేటలో జిరాక్స్, డీటీపీ షాపు ఉండేది. నేను యూసుఫ్‌గూడ నుంచి రోజూ వచ్చి అక్కడ టైప్ చేసేదాన్ని. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకున్నా నేను చదివింది తెలుగు మీడియం. కాబట్టి తెలుగు పనంతా నా నెత్తినే. గోడలన్నీ జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ పోస్టర్లే. చదవడానికి వచ్చిన పిల్లలు ఫైళ్లు పట్టుకుని షాపు ముందు వరసలో నిలబడేవాళ్లు, రెజ్యూమేల కోసం. అన్న ఆ వరసలో ఏనాడూ నిలబడలేదు. అందర్నీ పక్కకు జరుపుకుంటూ నేరుగా లోపలికి వచ్చి నా పక్క స్టూలు లాక్కుని కూర్చునేవాడు.

"మేం ముందొచ్చాం కదన్నా," అని ఎవరైనా అంటే, "నీది నీ ఒక్కని పని. నాది ప్రజల పని," అనేవాడు.

మొదటిసారి వచ్చినప్పుడు నా పేరు అడగలేదు. నా మణికట్టు దగ్గర బల్ల మీద చెయ్యి ఆనించి, డాక్టరు నాడి చూస్తున్నట్టు ముఖం పెట్టి అడిగాడు.

"నీకేమన్యాయం జరిగింది చెల్లె?"

నాకేం జరగలేదన్నాను.

"ఆలోచించు. జరగకుంట ఉండదు."

ఆయన పలకరింపే అది. బాగున్నావా అన్న మాట ఆ నోటి నుంచి నేను వినలేదు. నన్నూ షాపునూ కాసేపు పరకాయించి చూసి, గొంతు తగ్గించి, "మీ అన్న కుర్చీకి వెనక ఆనుకునేటందుకు ఉన్నది. నీకు స్టూలు. ఫ్యాను సుత ఆయన దిక్కే తిరిగున్నది. చూసినవా?" అన్నాడు. అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం నాకు నిజంగానే మెడ పట్టేసింది. ఇంటికెళ్లే దారి పొడుగునా భాయిజాన్ మీద మండిపడుతూ వెళ్లాను. మర్నాడు ఉండబట్టలేక అడిగేశాను. భాయిజాన్ నావైపు వింతగా చూసి, "పైలే బోల్నా థా నా!" అని ఫ్యాను నావైపు తిప్పాడు. ముందే చెప్పొచ్చుగా అని. తన కుర్చీ నాకిచ్చి స్టూలు తను తీసుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత వచ్చిన అన్న అది చూసి డీలా పడిపోయాడు. "గట్ల ఊకనే ఇచ్చేసిండా?" అన్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పక్కింటి పెళ్లి ఆగిపోయిందని విందు కోసం తయారైనవాడు దిగులుపడినట్టు.

ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ చెప్తే మొదటి కప్పు తప్పకుండా వాపస్ పంపేవాడు. పాలు తక్కువనో, చల్లారిందనో. ఒకసారి నా ముందే కప్పు ముట్టుకోకుండానే వాపస్ పంపాడు. తాగకుండానే ఎట్లా తెలిసిందని అడిగితే, "వాపస్ పంపకుంటె వాడు మనల్ని మనిషి కింద లెక్క కట్టడు చెల్లె," అన్నాడు. హోటలు వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. అదే కప్పు లోపలికి తీసుకెళ్లి, కాసేపాగి మళ్లీ తెచ్చిచ్చేవాళ్లు. రెండోసారి వచ్చిన చాయ్‌ను మెచ్చుకుంటూ తాగేవాడు.

ఆయన అమీర్‌పేటకు వచ్చింది కోర్సు కోసమే. ముందు సి అన్నాడు, తర్వాత ఒరాకిల్ అన్నాడు, ఆ తర్వాత జావా. ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. ప్రతి చోటా సారు సరిగ్గా చెప్పట్లేదని క్లాసంతటినీ లేపి బయటికి నడిపించేవాడు. పిల్లలు మర్నాడు వెనక్కి వెళ్లి కూర్చునేవాళ్లు, ఈయన బయటే ఉండిపోయేవాడు. ఒక్క కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లాడట. రిసెప్షన్‌లో కూర్చోబెట్టి ఎంతకీ పిలవలేదట. అక్కడే అద్దాల తలుపు ముందు నిలబడి కేకలేసి వచ్చేశాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ రిసెప్షన్‌లో ఆయన కూర్చున్న సమయం పెరుగుతూ పోయేది. చివరికొచ్చేసరికి పూటంతా నీళ్లు కూడా ఇవ్వలేదన్నాడు. పాపం, ఆ అమ్మాయి నీళ్లివ్వబోతే వాపస్ పంపి ఉంటాడని నా అనుమానం.

ఇంత చెప్పి ఆయన చేసిన మంచి చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కోర్సు సగంలో ఉండగా బోర్డు దించేసి పారిపోయారు. పొద్దున్నే క్లాసుకు వచ్చిన పిల్లలు తాళం చూసి మెట్ల మీద కూలబడ్డారు. తల్లి పుస్తెలు కుదువ పెట్టి వచ్చినవాళ్లున్నారు వాళ్లలో. అన్న ఆ మెట్లెక్కి వాళ్ల మధ్య కూర్చుని, ఒక్కొక్కరి కథా విన్నాడు. విని ఏడ్చాడు. అది నటన కాదు, నేను చూశాను. తర్వాత వీధిలో ఉన్న ఇన్‌స్టిట్యూట్లన్నీ తిరిగి, దండం పెట్టి, బెదిరించి, ఆ పిల్లలందరినీ తలా ఒక చోట క్లాసుల్లో కూర్చోబెట్టాడు. వాళ్లలో చాలామందికి ఉద్యోగాలొచ్చాయి. మిఠాయి డబ్బాలతో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు.

మిఠాయిలు తెచ్చిన పిల్లలను ఆయన మళ్లీ పలకరించలేదు. "సెట్టయిండ్రు. ఇంక వాళ్లతోని మనకేమున్నది?" అన్నాడు నాతో. బాగుపడినవాళ్లు ఆయనకు చచ్చినవాళ్లతో సమానం. ఆ మెట్ల మీద ఏడ్చిన పిల్లల్లాంటివాళ్ల కోసమే ఆయన తర్వాత జీవితమంతా వెతికాడు.

అలా వెతుకుతుండగా పద్మజ దొరికింది.

పద్మజది తణుకు. మా షాపు వెనక సందులో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. రెజ్యూమే టైప్ చేయించుకోవడానికి వచ్చినప్పుడు, "రజియా గారూ, ఆ ఖాళీ ఎక్కువ కనపడకుండా చూడండి," అని తన రెజ్యూమేలో అనుభవం అనే చోటు చూపించి నవ్వేది. ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. ఆ వారంలోనే, మొదటి అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే తుప్పు పట్టిన రెయిలింగు ఊడి ఆమె కింద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది.

తప్పు హాస్టల్‌దే. అందులో అనుమానం లేదు. ఆ రెయిలింగు ఊగుతోందని పిల్లలు చెబుతూనే ఉన్నారు. హాస్టల్ నడిపే ఆవిడను అందరూ ఆంటీ అనేవాళ్లు. తెనాలి వైపు మనిషి, భర్త లేడు. ఎవరిదో ఇల్లు అద్దెకు తీసుకుని హాస్టల్ పెట్టుకుంది. రేపు చేయిస్తాను, ఎల్లుండి చేయిస్తాను అంటూ కాలం గడిపింది. పద్మజ పడగానే ఆవిడే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కట్టు కట్టి, ఇది తాత్కాలికమే, లోపల రాడ్డు వేసి ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే ఎముక వంకరగా అతుక్కుంటుందని చెప్పాడు. ఇంట్లో తెలిస్తే ఉద్యోగం వద్దని తీసుకెళ్లిపోతారని పద్మజ తణుకు వాళ్లకు కబురు పెట్టలేదు.

ఆ సాయంత్రానికి అన్న ఆమె మంచం పక్కన కూర్చుని అడిగాడు, నీకేమన్యాయం జరిగిందని. పాపం ఆ పిల్ల చెప్పింది.

పంజాగుట్ట చౌరస్తా దగ్గర షామియానా లేచింది. మధ్యలో మడత మంచం, మంచం మీద పద్మజ, దిండు మీద కట్టు కట్టిన కాలు. అన్న జేబులో ఎప్పుడూ నల్ల రిబ్బను ఉండేది. దారిన పోయేవాళ్లను ఆపి మరీ చొక్కాలకు గుచ్చాడు. కరపత్రం నేనే టైప్ చేశాను. 'తీవ్రంగా ఖండిస్తున్నాం' అన్న మాట చిన్నగా ఉందని మూడుసార్లు పెంచమన్నాడు.

"ఆపరేషన్ సంగతేంటన్నా?" అని పద్మజ అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"చేపిద్దాం. కాని ఇప్పుడే చేపిస్తే ఏమైతది చెప్పు? కాలు బాగైందంటరు, కేసు సల్లవడ్తది. ఉద్యోగంల చేరితివనుకో, ఇంక బాధితురాలెట్లయితవు? జర ఓపిక పట్టు."

"కంపెనీవాళ్లు ఎక్కువ రోజులు ఆగరేమోనన్నా."

"ఆగకుంటె వాళ్ల మీద సుత కొట్లాడుదాం," అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

మొదటి రెండు రోజులూ పద్మజ చున్నీ ముఖానికి కప్పుకుని పడుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు కొబ్బరి బోండాలు తెచ్చారు, పళ్లు తెచ్చారు. ఆమె పడ్డ రెయిలింగు గురించి కాలేజీ పిల్లలు పాటలు కట్టి పాడారు. ముఖం మీది చున్నీ మెల్లగా తలకు, తల నుంచి భుజాలకు జారింది. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి తన గదిలో ఉండే అమ్మాయి గ్లాసుతో నీళ్లిస్తోంది. పద్మజ ఒక గుక్క తాగి గ్లాసు వెనక్కిచ్చింది. "చల్లగా లేవు," అంది. ఆ అమ్మాయి క్లాసు మానుకుని ఎండలో పడి వెళ్లి చల్లని నీళ్లు తెచ్చింది. అన్న నావైపు చూసి తలూపాడు. మేష్టారు మంచి విద్యార్థిని చూపించినట్టు.

అప్పుడు ఆంటీ వచ్చింది. వచ్చి అన్న ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబూ, రెయిలింగులన్నీ మార్పించేశానండి. అమ్మాయి ఆపరేషను నేనే చేయిస్తాను. ఆసుపత్రిలో మాట్లాడి వచ్చాను, రేపే చేర్చుకుంటామన్నారు. నయమయ్యేదాకా నా దగ్గరే ఉంచుకుని చూసుకుంటాను. తప్పు నాదే. ఇంకేం చెయ్యమంటే అది చేస్తాను."

పద్మజ లేచి కూర్చోబోయింది. అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గట్ల అన్నీ ఒప్పుకుంటె ఎట్లమ్మా?" అన్నాడు.

"మరేం చెయ్యమంటారు?"

అన్న పక్కకు వెళ్లి తన మనుషులతో గుసగుసలాడి వచ్చాడు. "క్షమాపణ చెప్పాలె," అన్నాడు.

"చెప్పాను కదండీ. ఆ రోజు ఆసుపత్రిలోనే చెప్పాను. అడగండి అమ్మాయిని."

"గది కాదు. అందరి ముంగట చెప్పాలె. కాళ్లు పట్టుకొని."

ఆంటీ చుట్టూ చూసింది. ఏ చానల్‌దో కెమెరా అప్పుడే వచ్చి నిలబడింది. ఆవిడ చెప్పులు విప్పింది. గుడిలోకి వెళ్తున్నట్టు వాటిని ఒక పక్కకు పెట్టింది. తల్లి వయసు మనిషి మంచం మీదికి వంగింది. "వద్దాంటీ, వద్దు," అంటూ పద్మజ కాలు వెనక్కి లాక్కోబోయింది. ఆంటీ అప్పటికే రెండు చేతులతో పట్టుకుంది, వంగడంలో బరువంతా ఆ చేతుల మీదే పడింది. పద్మజ పెట్టిన కేక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన బస్సుల్లోకి వినిపించింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఆంటీ భయంతో వెనక్కి పడి, అక్కడే కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

అన్న పరిగెత్తాడు. పద్మజ దగ్గరికేమో అనుకున్నాను. కెమెరా దగ్గరికి.

"వచ్చిందా? గా కేక వచ్చిందా అన్నా? కట్ చేయకుండ్రి, గదే ఉంచుండ్రి."

మర్నాడు ఆ వీడియోలోంచి తీయించిన ఫొటో పట్టుకుని షాపుకొచ్చాడు, పోస్టరుకు పెద్దది చేయమని. ఫొటోలో పద్మజ నోరు తెరిచి కేక పెడుతోంది, పక్కన ఆంటీ కళ్లనీళ్లతో ఉంది. అన్న చాలాసేపు చూసి, "గీమె ఏడుస్తున్నట్టు కనవడ్తున్నది. చూసినోళ్లకు గీమె మీద జాలి పుడతది. ముఖం జర తీసెయ్ చెల్లె," అన్నాడు. తీసేశాను. పోస్టరులో ఆంటీవి రెండు చేతులే మిగిలాయి, అవి పద్మజ కాలు విరుస్తున్నట్టున్నాయి. ఆ పోస్టరు అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ దాకా అతికించారు.

భాయిజాన్ దాన్ని చూసి, "యే ఆద్మీ అచ్ఛా నై," అన్నాడు. మంచివాడు కాదని. అయినా మాకు పెద్ద ఆర్డర్లిచ్చేది ఆయనే.

అంతా ఒప్పుకుని కాళ్లు కూడా పట్టుకున్నాక ఇంకా ఏం చెయ్యాలో ఆంటీకి అర్థం కాలేదు. ఇంటి ఓనరుకు తాళాలు అప్పజెప్పి, ఎవరికీ చెప్పకుండా తెనాలి వెళ్లిపోయింది. ఆవిడతో పాటు ఆపరేషనూ పోయింది. హాస్టల్ పిల్లలు ట్రంకు పెట్టెలు, బకెట్లు, పరుపులతో రోడ్డు మీద పడ్డారు. రేపు పరీక్ష ఉన్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. అందరూ కలిసి షామియానాకు వచ్చారు. అన్న లేచి నిలబడి చేతులు చాపాడు.

"రండ్రి, రండ్రి. ఇప్పుడు మీరంత సుత బాధితులే!"

"మాకు గది కావాలన్నా," అంది ఒకమ్మాయి. "బాధేం లేదు. గది ఉంటే చాలు."

అన్న ఆ అమ్మాయి వైపు జాలిగా చూశాడు. చైతన్యం లేని మనిషని. వాళ్లు మెల్లగా తలోదారిన వెళ్లి గదులు వెతుక్కున్నారు. వెళ్తూ వెళ్తూ పద్మజ వైపు చూసిన చూపుల్లో మాత్రం జాలి లేదు.

పద్మజ ఎముక డాక్టరు చెప్పినట్టే వంకరగా అతుక్కుంది. కంపెనీ ఆగలేదు. కట్టు విప్పాక ఆమె నడిస్తే ప్రతి అడుక్కీ ఒక పక్కకు ఒరిగేది. తణుకు వాళ్లు వచ్చి రమ్మన్నారట, వెళ్లలేదు. బాధితుల కోసం అన్న పెట్టిన కమిటీలోనే ఉండిపోయింది. యూసుఫ్‌గూడలో మా ఇంటికి దగ్గర్లోనే గది తీసుకుంది. రజియా గారూ అనడం మానేసి, అక్కా అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపులో ఆప్యాయత లేదు, అధికారం ఉంది.

ఏడాది తిరిగేసరికి అన్నకంటే బాగా మాట్లాడేది. అన్న అరిచేవాడు, ఆమె అరిచేది కాదు. కాలు కొంచెం ముందుకు జరిపి మెల్లగా మొదలుపెట్టేది. ఆఫీసర్లు లేచి నిలబడేవాళ్లు. బస్సులో ఎవరైనా సీటిస్తే, "జాలి చూపిస్తున్నారా?" అనేది. ఇవ్వకపోతే, "కనపడట్లేదా?" అనేది. ఆమెతో బస్సెక్కినవాళ్లు ఎటు చూడాలో తెలియక కిటికీలోంచి చూసేవాళ్లు.

కష్టం చెప్పుకోవడానికి కమిటీకి వచ్చేవాళ్లను ఇప్పుడామే వినేది. వినేది అంటే తూచేది. జీతమివ్వకుండా పంపేశారని వచ్చినవాణ్ణి, దొంగ సర్టిఫికెట్ అంటగట్టారని వచ్చినవాణ్ణి కింది నుంచి పైదాకా చూసి, "చేతులు, కాళ్లు బాగానే ఉన్నాయిగా?" అనేది. ఆమె కాలితో పోలిస్తే ఎవరి బాధా నిలిచేది కాదు. సిగ్గుపడి వెళ్లిపోయేవాళ్లు. ఒకతను వెళ్తూ వెళ్తూ ఆమెకే క్షమాపణ చెప్పడం నేను విన్నాను.

అన్న ఆమె వెనక కుర్చీ మోస్తూ తిరిగేవాడు. సభల్లో ఆయన్ని ముందు మాట్లాడించేవాళ్లు, అంటే జనం ఇంకా రాకముందు. ఆయన నల్ల రిబ్బను కూడా ఆమె సంచిలోకి వెళ్లింది.

కొన్నేళ్లకు ఒకరోజు మధ్యాహ్నం తలెత్తి చూస్తే అన్న షాపు ముందు వరసలో నిలబడి ఉన్నాడు. రెజ్యూమే పిల్లల వెనక, చంకలో ఎక్స్‌రే కవరుతో. లోపలికి రమ్మంటే రాలేదు. తన వంతు వచ్చాకే వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. కొన్ని నెలలుగా ఆ ఎక్స్‌రే పట్టుకుని పంజాగుట్టలో ఎముకల డాక్టర్లందరి దగ్గరా తిరుగుతున్నాడట. ఎవరికీ చెప్పకుండా.

"ఒక డాక్టర్ ఒప్పుకున్నడు చెల్లె. మళ్ల ఎముక ఇరగ్గొట్టి, రాడ్డేసి, తిన్నగ అతికిస్తడంట. పైసలు సుత వద్దన్నడు. ఆరు నెలలల్ల మంచిగ నడుస్తది." ఆయన కవరు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "నువ్వు సుత రా. ఆడపిల్ల రూముకు ఒక్కన్నే పోతే మంచిగుండదు."

వెళ్లాను. పద్మజ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అన్నను కూర్చోమనలేదు. ఆయన నిలబడే అంతా చెప్పాడు. డాక్టరు ఎంత మంచివాడో, నొప్పి ఎంత తక్కువో.

"ఎవరడిగారన్నా మిమ్మల్ని?" అంది పద్మజ.

"నడుస్తవు తల్లీ. అందరి లెక్క నడుస్తవు."

"నడిచి ఎక్కడికెళ్లాలి?"

"ఉద్యోగం చూసుకోవచ్చు. నీకు తెలివున్నది."

"నా ప్లేసులో చేరినమ్మాయి ఇప్పుడు టీమ్ లీడట. నేను వెళ్లి ఆవిడ కింద ట్రెయినీగా కూర్చోవాలా?" ఆమె కాలు వైపు చూసుకుంది. "ఇవాళ నేను స్టేషన్‌కెళ్తే ఎస్సై లేచి నిలబడతాడు. రేపు తిన్నగా నడుచుకుంటూ వెళ్తే, ఎవరమ్మా నువ్వు, అక్కడ కూర్చో అంటాడు. ఈ కాలు బాగుచేసుకుంటే నాకేం మిగులుతుందన్నా?"

అన్న నేల మీద కూలబడ్డాడు. ఎంత గట్టివాళ్ల నోరైనా మూయించిన మనిషి, రెండు చేతులూ జోడించాడు.

"నాదే తప్పు పద్మజా. గా దినం ఆపరేషన్ వద్దన్నది నేనే. నా మీద పగ తీర్చుకో, కాదనను. కాలు మాత్రం బాగు చేపిచ్చుకో. నీ కాల్మొక్కుత."

"మీరే వద్దన్నారని నాకు తెలుసు," అంది పద్మజ మామూలుగా. "మర్చిపోలేదు. దాచిపెట్టుకున్నాను. మీరెప్పుడైనా ఎదురు తిరిగితే పనికొస్తుందని."

అన్న జోడించిన చేతులు దించి, పక్కన పెట్టిన ఎక్స్‌రే కవరు అందుకుని లేచాడు.

"ఇంకేమైనా ఉందా? నాలుగింటికి మీటింగుంది. ఆ ఎక్స్‌రే అక్కడ పెట్టి వెళ్లండి."

ఆయన కవరు బల్ల మీద పెట్టాడు. మేము గుమ్మం దాటేటప్పుడు వెనక్కి చూశాను. పద్మజ ఫిల్ము బయటికి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తన వంకర ఎముకను, పెళ్లికూతురు కొత్త నగ చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

కిందికి వచ్చాక అన్న ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఎదురుగా కిరాణా కొట్టు ముందు ఆటోలో బియ్యం బస్తాలు దించుతున్నారు. ఆయన కళ్ల నిండా నీళ్లు. ఒక ఆడపిల్ల జీవితం చేజేతులా పాడు చేశానన్నది ఇన్నాళ్లకు తగిలిందనుకున్నాను. నాకు మొదటిసారి ఆ మనిషి మీద జాలి కలిగింది. ఊరుకో అన్నా అని పక్కన కూర్చున్నాను.

"విన్నవా చెల్లె?" అన్నాడు. "ఎస్సై లేచి నిలబడ్తడంట."

"అవునన్నా."

"గిన్నేండ్ల సంది కొట్లాడుతున్న. నాకు ఒక్కడు లేవలె."

రెండు కాళ్లూ ముందుకు చాపి, వాటి వైపు చూసుకున్నాడు. తిన్నగా, గట్టిగా, బాగానే ఉన్నాయి. అరచేత్తో మోకాలి కింద మెల్లగా రుద్దుకున్నాడు.

"గా రెయిలింగు ఊడినప్పుడు నేను పడ్డా బాగుండు," అన్నాడు.